నయంకాని రోగుల ఆలనాపాలన: బీమారిస్తాన్ల చరిత్రలో ఒక పార్శ్వం

హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) శత్రుకూటమి మదీనాను ముట్టడించింది. చరిత్రలో కందక యుద్ధంగా ప్రసిద్ధి చెందిన ఆ ముట్టడిలో ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలి రక్తనాళం తెగింది. రక్తం ఆగడానికి గాయం మీద వాత పెట్టారు. చెయ్యి వాచింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయన కోసం మస్జిదు ఆవరణలోనే ఒక డేరా ఏర్పాటు చేయించారు. దగ్గరలో ఉంటే తరచు వెళ్ళి చూడవచ్చునన్నది దాని ఉద్దేశమని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ డేరా అస్లమ్ తెగకు చెందిన రుఫైదా అనే మహిళదని ఇబ్నె ఇస్‌హాఖ్ రాశారు. దిక్కులేని క్షతగాత్రులకు ఆమె పుణ్యం కోరి సేవ చేసేది. దైవప్రవక్త (స) అటుగా వెళ్ళినప్పుడల్లా, ఉదయం ఎలా గడిచిందని, సాయంత్రం ఎలా ఉన్నదని సఅద్‌ను అడిగేవారు. కొన్ని వారాల తర్వాత గాయం తిరగబెట్టి రక్తం ధారకట్టింది. సఅద్ (రజి) మరణించారు.

రుఫైదా డేరాను ఇస్లామీయ చరిత్రలో మొదటి వైద్యశాలగా పేర్కొనడం పరిపాటి అయింది. పాఠ్యగ్రంథాలలోనూ, ప్రసంగాలలోనూ ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఐతే ఆ డేరాలో ఉన్న రోగికి నయం కాలేదన్న విషయాన్ని గమనించినవారు తక్కువ. వాత పెట్టడంతో వైద్యం చేయగలిగింది అయిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా దగ్గర ఉంచుకోవడం, శుభ్రం చేయడం, కట్టు మార్చడం, పలకరించడం. నయం చేయడం, బాగోగులు చూడడం వేరు వేరు విధులని, మొదటిది సాధ్యం కానప్పుడు కూడా రెండవది రద్దు కాదని ఈ సంఘటన వల్ల తెలుస్తున్నది.

ఈ రెండవ విధినే నేటి వైద్యులు పాలియేటివ్ కేర్ అంటున్నారు. తెలుగులో ఉపశమన సేవ అనవచ్చు. తీవ్రమైన లేక దీర్ఘకాలికమైన వ్యాధి ఉన్నవారికి నొప్పి తగ్గించడం, ఆయాసం, వాంతులు, పుండ్లు వంటి బాధలను అదుపులో పెట్టడం, రోగితోపాటు అతని కుటుంబాన్ని కూడా కనిపెట్టి ఉండడం దీని లక్షణాలు. ఈ పేరు కొత్తది. దీని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం చాలా పాతది: నయం కాదని తేలిన మనిషికి సంఘం ఏం బాకీ పడి ఉన్నది? దానికి ఇస్లామీయ సమాజాలు వేర్వేరు కాలాలలో ఏమని సమాధానమిచ్చాయో, ఎక్కడ తడబడ్డాయో పరిశీలించవలసి ఉన్నది.

ఇస్లాంకు పూర్వం మదీనాలో గుడ్డివారితో, కుంటివారితో, జబ్బుపడినవారితో కలిసి భోంచేయడానికి కొందరు వెనుకాడేవారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు చెబుతారు. నూర్ సూరాలోని 61వ ఆయతు ఆ సంకోచాన్ని తొలగించింది. రోగిని పరామర్శించడం (ఇయాదత్) ముస్లిముకు ముస్లిముపై గల హక్కులలో ఒకటిగా హదీసులు పేర్కొన్నాయి. యూదుల కుర్రవాడొకడు జబ్బుపడితే దైవప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అతని తలవైపు కూర్చున్న సంఘటన బుఖారీలో ఉన్నది. కాబట్టి పరామర్శ సొంత సమాజానికే పరిమితం కాదు.

బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న మరొక సంఘటన ఈ విషయానికి ఇంకా దగ్గరిది. మూర్ఛరోగంతో బాధపడే ఒక నల్లజాతి స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తన కోసం ప్రార్థించమని కోరింది. ఓర్చుకుంటే స్వర్గం లభిస్తుందనీ, కోరుకుంటే స్వస్థత కోసం ప్రార్థిస్తాననీ ఆయన చెప్పారు. ఆమె ఓర్పునే ఎంచుకున్నది. ఐతే ఒక్క మాట అడిగింది. మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటిమీది బట్ట తొలగిపోతున్నది, అలా కాకుండా ప్రార్థించమన్నది. ఆయన ప్రార్థించారు. వైద్యం చేయించుకోవడం విధి కాదు, అనుమతించబడినది లేక అభిలషణీయమైనది మాత్రమేనని వాదించే ధర్మవేత్తలు ఈ హదీసును ఆధారంగా చూపుతారు. వారి దృష్టి సాధారణంగా ఆమె ఓర్పు మీదనే నిలిచిపోయింది. ఆమె రెండవ కోరిక అంతకంటే తక్కువది కాదు. రోగం ఉంటే ఉండనీ, మానం మాత్రం పోకూడదని ఆమె కోరుకున్నది. మంచానపడిన మనిషికి సేవ చేసిన ఏ ఇల్లాలినడిగినా ఈ కోరిక ఎంత సహజమైనదో చెబుతుంది.

ఖలీఫాల కాలానికి వచ్చేసరికి ఈ విధి ప్రజాధనంతో ముడిపడింది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రాంతంలోని జాబియాకు వెళుతుండగా దారిలో కుష్ఠురోగులైన కొందరు క్రైస్తవులు కనిపించారు. వారికి దానధర్మాల నిధి నుంచి ఇవ్వవలసిందిగానూ, క్రమంగా తిండిగింజలు అందే ఏర్పాటు చేయవలసిందిగానూ ఆయన ఆదేశించారని బలాజురీ నమోదు చేశాడు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (పాలన 705-715) కుష్ఠురోగులు యాచించనవసరం లేకుండా భృతి ఏర్పరచి, నడవలేనివారికి సేవకులను, గుడ్డివారికి చెయ్యిపట్టి నడిపించేవారిని నియమించాడు. దీనినే ఇస్లాంలో మొదటి ఆసుపత్రి అని హిజ్రీ 88 (క్రీ.శ. 707) తేదీతో సహా చెప్పడం అనేక గ్రంథాలలో కనిపిస్తుంది. ఆధునిక చరిత్రకారులు దీనిని అంగీకరించడం లేదు. వైద్యులు, మందులు, పడకలు గల వైద్యశాల అప్పుడే ఉన్నదనడానికి గట్టి సాక్ష్యం కనిపించదు. వలీద్ చేసినది వైద్యం కాదు, పోషణ. ఆసుపత్రి అనిపించుకుంటేనే గొప్పదనుకోవడం వల్ల ఆ ఏర్పాటు అసలు విలువ మరుగునపడుతున్నది.

తరువాత వచ్చిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (పాలన 717-720) గుడ్డివారి, పక్షవాత రోగుల, దీర్ఘరోగుల పట్టికలు తెప్పించుకొని, ఒక్కొక్క గుడ్డివానికి ఒక తోడును, ఇద్దరేసి దీర్ఘరోగులకు ఒక సేవకుణ్ణి కేటాయించాడని ఆయన జీవితచరిత్రలో ఉన్నది. ఇద్దరికి ఒకరు అన్న ఈ లెక్క గమనార్హమైనది. దయతో చెప్పిన మాట దస్తావేజులోకి ఎక్కితే ఇలాగే ఉంటుంది. ఖజానాలో ఎంత ఉన్నదో, ఎందరికి సరిపోతుందో ఎవరో కూర్చొని లెక్కవేశారన్నమాట. ఇటువంటి దీర్ఘరోగిని అరబ్బీలో 'జమిన్' అంటారు. కాలం అనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టిన పదమది.

అబ్బాసీ యుగంలో గ్రీకు వైద్యగ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. వాటితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. హిపోక్రటీస్ పేరిట ప్రచారంలో ఉన్న గ్రంథాలలో వైద్యకళను సమర్థిస్తూ రాసినది ఒకటి ఉన్నది. రోగి బాధను తొలగించడం, వ్యాధి తీవ్రతను తగ్గించడం, వ్యాధి పూర్తిగా లొంగదీసుకున్నవారికి వైద్యం చేయ పూనుకోకపోవడం వైద్యుని పని అని అది నిర్వచించింది. ఈ మూడవ అంశాన్ని నిర్దయ అనడానికి వీల్లేదు. వైద్యానికి హద్దులు ఉన్నాయన్న నిజాయితీ అందులో ఉన్నది. చేతిలో రోగి చనిపోతే పేరు పోతుందన్న భయం కూడా ఉన్నది. సంఘం రోగి దగ్గరకు వెళ్ళమంటున్నది, శాస్త్రమేమో తప్పుకోమంటున్నది. ముస్లిం వైద్యులు ఈ రెంటి నడుమ నిలబడ్డారు.

రయ్ నగరంలోనూ, బగ్దాదులోనూ వైద్యశాలలకు పెద్దగా పనిచేసిన అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (మరణం 925) ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. రోగాలన్నిటినీ నయం చేయగలిగినవాడే నేర్పరి అనడం తప్పనీ, అది మానవశక్తికి లోబడినది కాదనీ ఆ గ్రంథం పేరులోనే చెప్పాడు. ఇంకొకచోట, కోలుకుంటాడన్న నమ్మకం తనకు లేకపోయినా వైద్యుడు రోగికి ధైర్యం చెప్పాలనీ, దేహస్థితి మనఃస్థితిని అనుసరిస్తుందనీ బోధించాడు. రోగికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలని కోరే నేటి వైద్యనీతికి ఈ రెండవ మాట సరిపడదు. ఐతే రాజీ నుంచి దూరంగా పారిపొమ్మన్న సలహా మాత్రం రాలేదు. 9వ శతాబ్దానికి చెందిన ఇస్‌హాఖ్ బిన్ అలీ రుహావీ వైద్యనీతిపై రాసిన 'అదబుత్తబీబ్' గ్రంథంలో వైద్యుని ప్రవర్తనతో ఆగకుండా, రోగికి సేవచేసేవారు, చూడవచ్చేవారు ఎలా మెలగాలో కూడా చర్చించాడు. మంచం చుట్టూ చేరేవారంతా చికిత్సలో భాగస్వాములేనన్న గ్రహింపు అందులో కనిపిస్తుంది.

కార్డొవా నగర సమీపాన జీవించిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన 'తస్రీఫ్'లో రాచపుండును గురించి రాస్తూ, ముదిరిపోయిన పెద్ద పుండును తాను ఒక్కదాన్నీ నయం చేయలేకపోయాననీ, తనకు ముందు చేసినవాణ్ణి చూడలేదనీ ఒప్పుకున్నాడు. చిన్నదిగా ఉన్నప్పుడు, పూర్తిగా కోసివేయగలిగిన చోట ఉన్నప్పుడు తప్ప దాని జోలికి పోవద్దన్నాడు. తన పరాజయాన్ని గ్రంథంలో రాసిపెట్టిన శస్త్రవైద్యుడు ఏ కాలంలోనైనా అరుదే.

నొప్పిని అందరికంటె నిశితంగా పరిశీలించినవాడు ఇబ్నె సీనా. 'అల్‌ఖానూన్' మొదటి సంపుటంలో ఆయన నొప్పులను 15 రకాలుగా విభజించాడు. దురదలాంటిది, గుచ్చేది, అదిమేది, లాగేది, చీల్చేది, విరిచేది, తొలిచేది, సలిపేది, కొరికేది, తిమ్మిరెక్కించేది, బరువుగా ఉండేది, ఇలా సాగుతుంది ఆ జాబితా. నొప్పిని పోగొట్టే మార్గాలు కూడా చెప్పాడు. మూలకారణానికి విరుగుడు ఇవ్వడం ఒకటి. మెత్తబరిచి హాయి కలిగించేవి వాడడం ఇంకొకటి. ఆ భాగానికి స్పర్శ తెలియకుండా మొద్దుబరచడం మరొకటి. మొద్దుబరిచే మందులలో అన్నిటికంటె బలమైనది నల్లమందు అనీ, దాని తర్వాత ఖురాసానీ వాము వంటివి వస్తాయనీ రాసి, వాటిని వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తను నొక్కిచెప్పాడు. ఇక్కడ చూడవలసినది జాబితా పొడవు కాదు. రోగి నోటివెంట వచ్చే మాటను, ఆ సలుపు, ఆ పోటు అన్న తేడాతో సహా, వైద్యుడు విని రాసుకోదగిన సమాచారంగా ఎంచాడు.

ఆయన మరణం కూడా ఈ చరిత్రలో చేరుతుంది. శిష్యుడు జూజ్‌జానీ రాసిన ప్రకారం ఇబ్నె సీనా కడుపుశూలతో బాధపడుతూ త్వరగా కోలుకోవాలన్న ఆత్రంతో ఒకేరోజు 8 సార్లు వస్తిచికిత్స చేయించుకున్నాడు. ప్రేగులు పుండ్లుపడ్డాయి. సేవకుడొకడు మందులో నల్లమందు మోతాదు మించి కలిపాడు. కొంత తేరుకున్నా, హమదాన్ ప్రయాణంలో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. తన దేహాన్ని నడిపించే శక్తి ఇక ఆ పని చేయలేదని గ్రహించి ఆయన చికిత్స మానుకున్నాడు. బానిసలను విడుదల చేసి, దానాలు చేసి, ఖుర్ఆన్ పారాయణలో శేషదినాలు గడిపాడని జీవితచరిత్రకారులు చెబుతారు. 1037లో మరణించాడు. మొదట అతిచికిత్సకు లోనై, చివరకు ఏది ఆపాలో తెలుసుకున్న ఈ రోగి, వైద్యులలోకెల్లా పెద్ద వైద్యుడు కావడం యాదృచ్ఛికమే కావచ్చు.

నల్లమందు విషయంలో భయం కూడా అప్పుడే మొదలయింది. ఇబ్నె సీనా సమకాలికుడైన అల్‌బీరూనీ తన ఔషధగ్రంథంలో, వేడి ప్రాంతాలవారు, ముఖ్యంగా మక్కాలో నివసించేవారు, బాధను మరచిపోవడానికి రోజూ కొద్దికొద్దిగా నల్లమందు వేసుకుంటూ ప్రాణాంతకమైన మోతాదు దాకా పెంచుకుపోతారని రాశాడు. మత్తు నిషిద్ధమైన ధర్మంలో నొప్పి కోసం మత్తుమందు వాడవచ్చునా అన్న ప్రశ్న ధర్మవేత్తల ముందుకు వచ్చింది. షాఫియీ మతశాఖకు చెందిన ఇమాం నవవీ (మరణం 1277) కుళ్ళిపోయిన చేతిని తొలగించవలసి వస్తే రోగికి స్పృహ తప్పించే పదార్థం ఇవ్వవచ్చునా అన్నదానిపై రెండు అభిప్రాయాలున్నాయని చెప్పి, ఇవ్వవచ్చునన్నదే సరియైనదని తీర్పు చెప్పాడు. నొప్పి ఓర్చుకోవడం పుణ్యమన్న మాట నిజమే కాని, నొప్పి తీర్చడం పాపమన్న మాట ఫిఖహ్‌లో లేదు. ఈ తేడా తెలియక మందు నిరాకరించే కుటుంబాలు అప్పుడూ ఉండి ఉంటాయి, ఇప్పుడూ ఉన్నాయి.

వైద్యులు ఎన్ని గ్రంథాలు రాసినా నెలల తరబడి మంచానపడిన పేదవానికి కావలసింది తిండి, పక్క, మనిషి. ఇవి ధనంతో పని. ఆ ధనానికి స్థిరమైన రూపమిచ్చినది వక్ఫ్. ఒక ఆస్తిని అమ్మకానికీ, వారసత్వానికీ వీలులేకుండా నిలిపివేసి, దాని ఆదాయాన్ని శాశ్వతంగా ఒక ధర్మకార్యానికి అంకితం చేయడమే వక్ఫ్. డమాస్కసులో సుల్తాన్ నూరుద్దీన్ 1154లో కట్టించిన నూరీ బీమారిస్తాన్ ఇలా నడిచిన వాటిలో ప్రసిద్ధమైనది. 1184లో దానిని చూసిన స్పెయిన్ యాత్రికుడు ఇబ్నె జుబైర్, అక్కడి గుమాస్తాలు రోగుల పేర్లు, వారి మందులకు, ఆహారానికి అయ్యే ఖర్చు ఖాతాలలో రాస్తారనీ, వైద్యులు ప్రతి ఉదయం వచ్చి చూస్తారనీ రాశాడు. దీనిని గురించి ఒక వినోదకరమైన కథ కూడా ఉన్నది. 15వ శతాబ్దంలో ఒక పారసీకుడు అక్కడి భోజనానికి ఆశపడి జబ్బు నటించి చేరాడు. వైద్యుడు నాడి చూసి సంగతి గ్రహించినా, మూడు రోజులు కోడిమాంసం, మిఠాయిలు, పండ్లు పెట్టించి, ఆ తర్వాత అతిథి మర్యాద మూడు రోజులకు మించదని చీటి రాసి పంపాడట. ఈ కథ చెప్పిన ఇబ్నె షాహీన్ స్వయంగా ఆ పారసీకునితో కలిసి ప్రయాణించినవాడే.

నూరీలో చికిత్స పొందిన ఒక సైనికాధికారి వల్లనే అంతకంటె పెద్ద వైద్యశాల వెలసింది. మమ్లూక్ అమీరుగా ఉన్న ఖలావూన్ డమాస్కసులో తీవ్రమైన శూలతో పడిపోగా, నూరీ నుంచి తెచ్చిన మందులతో కోలుకున్నాడు. రాజ్యం లభిస్తే అటువంటిది కట్టిస్తానని మొక్కుకున్నాడు. సుల్తాన్ అయిన తర్వాత కైరోలోని ఒక ఫాతిమీ రాజభవనాన్ని తీసుకుని హి. 683 (క్రీ.శ. 1284)లో మన్సూరీ బీమారిస్తాన్ నెలకొల్పాడు. జ్వరాలకు, కంటిజబ్బులకు, గాయాలకు, విరేచనాలకు వేరు వేరు విభాగాలు, స్త్రీలకు ప్రత్యేక భాగం, ప్రవహించే నీరు ఏర్పాటు చేయబడ్డాయి. దాని వక్ఫ్ ఆదాయం ఏడాదికి దాదాపు 10 లక్షల దిర్హములని చరిత్రకారుడు మఖ్రీజీ అంచనా వేశాడు.

ఈ వైద్యశాల వక్ఫ్‌నామా నేటికీ లభ్యమవుతున్నది. ఆనాటి ఆసుపత్రిలో ఏం జరగాలని కోరుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి ఆధారం దొరకదు. బీదా గొప్పా, స్థానికుడూ పరదేశీ అన్న భేదం లేకుండా రోగిని చేర్చుకోవాలి. పడక, పరుపు, దుప్పటి ఇవ్వాలి. వేసవిలో విసురుకోవడానికి ఖర్జూరపు ఆకుల విసనకర్రలు కొనాలి. ఒక్కొక్క రోగికి వేరుగా గిన్నెలో ఆహారం పెట్టి, మూతపెట్టి తీసుకువెళ్ళాలి. ఒకరి గిన్నెలో ఇంకొకరు తినకూడదు. వైద్యులు రాత్రివేళ కూడా వంతులవారీగా ఉండాలి. చనిపోయినవారికి స్నానం, కఫన్, సమాధి తవ్వేవాని కూలి కూడా వైద్యశాలే భరించాలి. విసనకర్రల ఖర్చును రాజపత్రంలో రాయించినవాడు, ఎవడో మండుటెండలో మంచం మీద పడి ఉన్న దృశ్యాన్ని ముందుగా ఊహించే రాయించి ఉంటాడు.

ఇంతకంటె ముఖ్యమైన రెండు సంగతులు మఖ్రీజీ వర్ణనలో ఉన్నాయి. మొదటిది, రోగి ఇన్ని రోజులే ఉండాలన్న గడువు పెట్టలేదు. రెండవది, ఇంట్లో జబ్బుపడి ఉన్నవానికి కూడా కావలసినవన్నీ ఈ వైద్యశాల నుంచే పంపించే ఏర్పాటు చేశారు. దీర్ఘరోగి కష్టమంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. గడువు ఉన్న చోట నయంకానివాడు గడువు తీరగానే వీధిన పడతాడు. కదలలేనివానికి ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నా, అది ఊరవతల ఉన్నట్లే. ఈ రెండు వాక్యాలు లేకపోతే మన్సూరీ ఒక పెద్ద భవనంగా మాత్రమే చరిత్రలో మిగిలి ఉండేది.

ఐతే దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం న్యాయం కాదు. ఈ కట్టడం పని చూసిన అమీర్ సంజర్ షుజాయీ కూలీలను బలవంతంగా పట్టి తెచ్చాడనీ, దారిన పోయేవారిచేత, గుర్రాలపై వచ్చేవారిచేత కూడా దిగి రాళ్ళు మోయించాడనీ, అందువల్ల కొందరు ధర్మపరాయణులు అక్కడ నమాజు చేయడానికే ఇష్టపడలేదనీ అదే మఖ్రీజీ రాశాడు. రోగుల కోసం వెలసిన ఇంటి పునాదిలో ఈ బలవంతం కూడా ఉన్నది. రెండవది, కైరో, డమాస్కసు, బగ్దాదు వంటి మహానగరాలలో తప్ప బీమారిస్తాన్లు విరివిగా లేవు. పల్లెల్లో నయంకాని రోగికి ఇల్లే ఆసుపత్రి, ఇంటి ఆడవారే సేవకులు. వారి శ్రమ ఏ వక్ఫ్‌నామాకూ ఎక్కలేదు. మూడవది, వక్ఫ్ ఆస్తుల మీద ముతవల్లీల, పాలకుల చెయ్యి పడినచోటల్లా పడకలు తగ్గాయి. మన్సూరీ కూడా తర్వాతి శతాబ్దాలలో క్షీణించి, 18వ శతాబ్దం చివర నెపోలియన్ దండయాత్రతో వచ్చిన ఫ్రెంచివారు చూసేనాటికి దీనావస్థలో ఉన్నది.

సిరియా పండితుడు ముస్తఫా అస్సిబాయీ (మరణం 1964) తన గ్రంథంలో ట్రిపోలీ నగరపు ఒక వక్ఫ్‌ను పేర్కొన్నాడు. దాని ఆదాయంతో ఇద్దరు మనుషులను నియమించేవారట. వారు రోజూ ఆసుపత్రిలో తిరుగుతూ, రోగికి వినిపించీ వినిపించనట్లు, ఈతని ముఖం నిన్నటికంటె తేటగా ఉన్నదని తమలో తాము అనుకోవాలి. ఈ విషయం బహుళ ప్రచారం పొందింది. మన్సూరీ విషయంలో మూలపత్రం ఉన్నది కనుక, రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. నిజమే అయినా, అది రాజీ చెప్పిన ధైర్యవచనానికి జీతం ఏర్పరచడమే. రోగికి తెలియకుండా అతని మనసును కుదుటపరచడం మంచిదా, అతనితో కూర్చొని ఉన్న సంగతి మాట్లాడడం మంచిదా అన్నది ఇంకా తేలని విషయం.

దక్కను ప్రాంతంలోకి ఈ సంప్రదాయం బహ్మనీలతో వచ్చింది. అలావుద్దీన్ అహ్మద్ షా (పాలన 1436-1458) బీదరులో వైద్యశాల కట్టించి, మందులకు, ఆహారానికి కొన్ని గ్రామాల ఆదాయాన్ని కేటాయించి, ముస్లిం వైద్యులతోపాటు హిందూ వైద్యులను కూడా నియమించాడని ఫరిష్తా రాశాడు. యూనానీ హకీములు, ఆయుర్వేద వైద్యులు ఒకే కప్పు కింద పనిచేయడం కైరోలో లేని విశేషం. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరాన్ని నిర్మించిన కొద్దికాలానికే, 1595లో, మూసీనదికి దక్షిణాన దారుష్షిఫా కట్టించాడు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తులలో గదులు. వైద్యంతోపాటు వైద్యవిద్య కూడా అక్కడే. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తర్వాత దానిని పోషించే చెయ్యి లేకపోయింది. పేటకు పేరు మాత్రం మిగిలింది.

ఆ ఆవరణలోనే సర్‌తౌఖ్ అలావా ఉన్నది. కర్బలాలో 680లో తీవ్రమైన జబ్బుతో డేరాలో పడి ఉండడం వల్ల యుద్ధానికి వెళ్ళలేకపోయిన ఇమాం జైనుల్ ఆబిదీన్ మెడకు తగిలించిన ఇనుప కంటె తునక అక్కడి అలంలో ఉన్నదని భక్తుల విశ్వాసం. ఉర్దూలో ఆ ఇమామును 'బీమారె కర్బలా' అంటారు, అంటే కర్బలా రోగి అని. వైద్యశాలలోని పడకలు పోయి ఎంతో కాలమయింది. రోగి పేరుతో స్మరించబడే ఇమాం జ్ఞాపకం మాత్రం అక్కడి నుంచి పోలేదు.

నేటి ఉపశమన సేవ ఈ బీమారిస్తాన్ల నుంచి నేరుగా పుట్టలేదు. అలా చెప్పుకోవలసిన అవసరం కూడా లేదు. లండనులో డాక్టర్ సిసిలీ సాండర్స్ తన క్రైస్తవ విశ్వాసం, నర్సుగా, వైద్యురాలిగా పొందిన అనుభవం ఆధారంగా 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. నొప్పి దేహానికే పరిమితం కాదనీ, మనసుకు, కుటుంబానికి, విశ్వాసానికి కూడా సంబంధించినదనీ ఆమె వాదించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో కాన్సరు నొప్పికి మెట్లవారీ చికిత్సను ప్రకటించినప్పుడు, పై మెట్టు మీద నిలిచినది మార్ఫిన్. నల్లమందు నుంచి తీసేదే అది. ఇబ్నె సీనా జాబితాలో మొదటి మందూ అదే, అల్‌బీరూనీ భయపడినదీ దానికే.

ఇస్లామీయ ధర్మవేత్తలు కూడా కొత్త పరిస్థితిని పరిశీలించారు. అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో కృత్రిమ శ్వాసయంత్రాల విషయాన్ని చర్చించింది. 1992 మేలో జెడ్డా సమావేశంలో వైద్యం గురించి చేసిన తీర్మానంలో, నయమవుతుందన్న ఆశ ఉన్నా లేకపోయినా రోగి శారీరక, మానసిక బాధలను తగ్గిస్తూ అతని సంరక్షణ కొనసాగించవలసిందేనని స్పష్టం చేసింది. రుఫైదా డేరా నాటి నుంచి ఆచరణలో ఉన్నది ధర్మశాస్త్ర పరిభాషలో రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది.

భారతదేశంలో ఈ సేవకు అడ్డు నిలిచినది ధర్మం కాదు, చట్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల చిక్కుల వల్ల ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశంలోనే కాన్సరు రోగులు నొప్పితో అల్లాడవలసి వచ్చింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, వైద్యానికి అత్యవసరమైన మందుల విషయంలో దేశమంతటికీ ఒకే నియమావళి తెచ్చారు.

ఈలోగా కేరళలో వేరొక దారి ఏర్పడింది. 1993లో కోళికోడ్ వైద్యకళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు ఒక చిన్న సంఘంగా ఏర్పడి నొప్పి చికిత్స ప్రారంభించారు. ఆసుపత్రికి రాలేనివారి సంగతేమిటన్న ప్రశ్న త్వరలోనే ఎదురయింది. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళ్ళడం, స్థానికంగా చిన్నచిన్న చందాలు పోగుచేసి నర్సు జీతం, వాహనం ఖర్చు భరించడం అన్న పద్ధతి మలబారు అంతటా, ముఖ్యంగా ముస్లిములు అధికసంఖ్యలో ఉన్న మలప్పురం జిల్లాలో వేగంగా వ్యాపించింది. ఇందులో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు అందరూ ఉన్నారు. కూలివారు, దుకాణదారులు, విద్యార్థులు చందాలిచ్చారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని తన విధానంగా స్వీకరించింది. మన్సూరీలో సుల్తాను ఆస్తి చేసిన పనిని ఇక్కడ వీధి పెట్టెలో పడిన చిల్లర చేసింది. పక్కపుండు కడగడం, కట్టు మార్చడం, మంచం పక్కన కాసేపు కూర్చోవడం ఈ కార్యకర్తలు చేసే పనులలో ముఖ్యమైనవి.

హైదరాబాదులో దారుష్షిఫా నుంచి మూసీ దాటి ఉత్తరాన రెడ్‌హిల్స్‌కు వెళితే ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి అయిన యం.యన్.జె. సంస్థ ఉన్నది. నయం చేసే మార్గం లేదని తేలిన రోగుల కోసం అందులో ఒక ఉపశమన సేవా విభాగం పనిచేస్తున్నది. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చే రోగులకు మార్ఫిన్ బిళ్ళలు అక్కడ దొరుకుతాయి.